దొర్నిపాడు నుంచి రాజేంద్రనగర్ దాకా: కోడిపిల్లల దారి

ఆళ్ళగడ్డలో బస్సు దిగి కోవెలకుంట్ల రోడ్డు పట్టుకుంటే శిల్పుల ఉలి చప్పుళ్ళు కాసేపటికే వెనక పడిపోతాయి. అక్కడి నుంచి అంతా నల్లరేగడి. కేసీ కాలువ నీళ్ళు పారిన చోట వరి పచ్చగా ఉంటుంది. నీళ్ళు అందని చేలల్లో శనగ విత్తడానికి దుక్కులు చేసి పెట్టుకుంటారు. వానలు తగ్గిన ఆశ్వయుజ మాసంలో ఆ దారిన దొర్నిపాడు పోయాను, మా చిన్నమ్మ ఇంటికి. ఆమె ఫోన్లో ఒకటే మాట చెప్పింది: "ఇంటి ముందర నాలుగు కోళ్ళు తిరగాల నాయనా. పిల్లల్ని యాడ తెచ్చుకుంటే బతుకుతాయో కనుక్కో."

ఏ జాతి అని అడగలేదు, ఎంత ధర అనీ అడగలేదు. ఎక్కడ తెచ్చుకోవాలి అనే అడిగింది. పెరటి కోళ్ళ సంగతిలో అసలు ప్రశ్న అదేనని ఆ తర్వాత తిరిగిన ప్రతి ఊరూ నాకు నచ్చజెప్పింది. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ళు 31.7 కోట్లు. అంతకు ముందటి లెక్కతో పోలిస్తే దాదాపు 46 శాతం పెరిగాయి. అన్ని కోట్ల కోళ్ళూ ఏదో ఒక ఇంట్లోకి ఏదో ఒక దారిలో వచ్చినవే. దొర్నిపాడుకు వచ్చే దారులన్నీ ఒకసారి నడిచి చూద్దామనుకున్నాను.

మొదటి దారి మా చిన్నమ్మ వాకిట్లోకే వచ్చింది. పొద్దున్నే వీధిలో మైకు వినపడింది. మోపెడ్ వెనక ప్లాస్టిక్ పెట్టెలు, వాటి నిండా గులాబీ, ఆకుపచ్చ, నారింజ రంగులు పూసిన పిల్లలు. చుట్టూ చేరిన పిల్లకాయలు అమ్మల కొంగులు పట్టుకుని లాగుతున్నారు. చిన్నమ్మ ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది.

"యాడ నుంచి తెచ్చినావు నాయనా?"

"టౌను నుంచి పెద్దమ్మా. నాటువే. పెద్దగయినాక సూడు."

"టీకాలు ఏసినారా?"

ఆ కుర్రవాడు జవాబు చెప్పకుండా పక్కింటామె వైపు తిరిగాడు. అతన్ని తప్పు పట్టాలని నాకు అనిపించలేదు. ఆ పిల్లలు ఎక్కడ పుట్టాయో అతనికీ తెలియదు. అతని చేతికి రాకముందే అవి రెండు మూడు చేతులు మారి ఉంటాయి.

ఇలాంటి పిల్లలు ఇంత చౌకగా ఎందుకు దొరుకుతాయో తెలుసుకోవాలంటే గుడ్ల పరిశ్రమ వైపు చూడాలి. 1971లో బి.వి. రావు వేంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. కోళ్ళ పెంపకం పరిశ్రమగా ఎదగడంలో ఆ తెలుగువాడి పాత్ర పెద్దది. గుడ్ల కోసం పెంచే జాతుల్లో పుంజుతో పని లేదు. అది గుడ్డు పెట్టదు, మాంసానికి తగినంత బరువూ పెరగదు. పొదిగించిన పిల్లల్లో సగం పుంజులే కాబట్టి పుట్టిన రోజే వాటిని వేరుచేసి చంపేస్తారు. లోకంలో చాలాచోట్ల ఇదే పద్ధతి. వాటిని చంపడాన్ని జర్మనీ 2022 జనవరి నుంచి చట్టం చేసి ఆపేసింది. మన దగ్గర అలా మిగిలిన పుంజు పిల్లలు, వాటితోపాటు బ్రాయిలర్ పిల్లలు, రంగు పూసుకుని వీధుల్లోకి వస్తుంటాయి. గుడ్లు పెడతాయని పెంచుకున్న ఇల్లాలికి కొన్ని నెలల తర్వాత అన్నీ తెల్ల పుంజులై కనిపిస్తాయి. అదీ బతికితే. రోజుల పిల్లకు ఒంటి వేడి నిలుపుకునే శక్తి ఉండదు. రెక్కల కింద పెట్టుకునే తల్లి కానీ, తలమీద వెలిగే బల్బు కానీ లేకుండా అది వీధులు తిరిగితే దాని ఆయుష్షు పెట్టెలోనే సగం అయిపోతుంది.

చిన్నమ్మ ఆ పిల్లను నెమ్మదిగా పెట్టెలో వదిలి లోపలికి వచ్చేసింది.

రెండో దారి అదే మండలంలోని క్రిష్టిపాడు వైపు తీసుకుపోయింది. అక్కడ ఒక అవ్వ దగ్గర నాటు పెట్టలు ఉన్నాయని చెప్పారు. ఇంటి పక్క చింతచెట్టు కింద నాలుగు పెట్టలు, ఒక డేగ పుంజు మన్ను చిమ్ముకుంటూ తిరుగుతున్నాయి. వసారాలో ఒక మూల గంప, అందులో వరిగడ్డి, గడ్డిలో ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప ముక్క. ఉరుములకు గుడ్లు మురిగిపోవన్న నమ్మకంతో ఇనుము వేస్తారు. గంపలో నల్ల పెట్ట ఒకటి పొదుగు మీద ఉంది. చేయి దగ్గరకు పోతే ఈకలు నిక్కబొడుచుకుని గొంతులోంచి గుర్రుమంది.

"దానికి గుడ్లు యిచ్చినా, రాళ్ళు యిచ్చినా లేయదు," అంది అవ్వ గర్వంగా. "పిల్లల్ని తెచ్చుకుంటామంటారు. తల్లిని యాడ తెస్తారు?"

ఆ మాట దారి పొడవునా నన్ను వదల్లేదు. నాటు పెట్ట ఏడాదికి పెట్టే గుడ్లు 50, 60 దాటడం అరుదు. కానీ అది తానే పొదుగుతుంది, తానే పిల్లల్ని తిప్పుతుంది. ఆకాశంలో గద్ద నీడ కదలగానే ఒక కూత వేస్తుంది. ఆ కూతకు పిల్లలన్నీ దాని కిందికో, కంపచెట్టు కిందికో దూరిపోతాయి. పురుగును కాలితో కెలికి చూపించి, పిల్లలు ముక్కు పెట్టేదాకా ఆగుతుంది. ఏ కంపెనీ పెట్టెలోనూ ఈ చదువు రాదు. ఇరుగుపొరుగులు పెట్టను పాలుకిచ్చుకుని, లేచిన పిల్లల్ని పంచుకునే పద్ధతి వల్ల ఒక ఊరి కోళ్ళు ఆ ఊరి ఎండకూ, ఆ ఊరి తిండికీ అలవాటుపడి తరాలుగా నిలిచాయి.

అవ్వ కష్టం వేరే ఉంది. ఎండాకాలం మొదట్లో కొక్కెర తెగులు వచ్చి ఆమె కోళ్ళలో చాలా భాగం పోయాయి. మెడలు తిప్పుకుని, పచ్చగా పారుకుని, రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ అయింది. "టీకా సీసా యిస్తారంట గదా, అది మా ఊరికి రాలేదు నాయనా." నాటుకోడికి తెగులు తగలదనే మాట పల్లెల్లో ఇంకా వినపడుతుంది. అది నిజం కాదు. నాటు జాతి కొన్ని కష్టాలను ఓర్చుకుంటుంది, కొక్కెర తెగులును ఓర్చుకోలేదు.

మూడో దారి నంద్యాలకు తీసుకుపోయింది. ఆ రోజు పెద్ద ఎండ లేదు. అక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నాటిది. పత్తి, శనగ, వరి వంగడాలకు పేరున్న చోటు. విత్తనాల అంగళ్ళ దగ్గర శనగ రైతులు మూటలు ఎంచుకుంటున్నారు. జె.జి.11 అడిగేవాళ్ళు, నంద్యాల శనగ అడిగేవాళ్ళు, సంచి మీది చీటీ తిప్పి చూసి, మొలక శాతం చదివి, పిడికెడు గింజలు అరచేతిలో పోసుకుని చూసేవాళ్ళు. విత్తనం దగ్గర ఇంత జాగ్రత్త చూపే ఇంట్లోనే కోడిపిల్ల దగ్గరకు వచ్చేసరికి ఒక్క ప్రశ్న కూడా అడగరు. కోడిపిల్ల కూడా విత్తనమే. దానికీ పుట్టిన చోటు ఉంటుంది, తల్లిదండ్రులు ఉంటారు, పుట్టిన తేదీ ఉంటుంది. చీటీ అడగాల్సిందే.

ఆ చీటీలో ఏముండాలో పశువుల ఆసుపత్రిలో పనిచేసే ఒక పెద్దాయన కాగితం తీసి రాసి ఇచ్చారు. మొదటి రోజునే మారెక్స్ టీకా, మెడ చర్మం కింద. అది పొదిగించిన చోటే వేయాలి, తర్వాత వేసినా పెద్దగా పనిచేయదు. 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా, కంట్లో ఒక చుక్క. 14వ రోజు గంబోరో. 28వ రోజు మళ్ళీ లసోటా. ఆరో వారంలో మశూచి టీకా. తొమ్మిది, పది వారాలకు ఆర్2బి, ఇది కొక్కెర తెగులుకు గట్టి కాపు. రాసి ముగించాక ఆయన చెప్పిన ఇంకో మాటతో అవ్వ ఊరికి సీసా ఎందుకు రాలేదో అర్థమైంది. టీకా సీసాలో వందల డోసులు ఉంటాయి. ఒకసారి కలిపితే రెండు గంటల్లో వాడేయాలి, ఐస్ మీద ఉంచాలి. పది కోళ్ళ కోసం ఒక సీసా తెరవడానికి ఎవరూ ముందుకు రారు. పది ఇళ్ళు ఒకే వారంలో పిల్లల్ని తెచ్చుకుంటే ఆ సీసా ఊళ్ళోకి వస్తుంది. రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకుడికి కూడా అప్పుడు పని సులువవుతుంది.

అంటే పిల్లలు ఎక్కడ కొనాలనే లెక్కను ఒక ఇల్లు ఒంటరిగా తేల్చుకోలేదు. నంద్యాలలో నాకు దొరికిన ముఖ్యమైన పాఠం ఇది.

ఊరి చివర ఒక రైతు కుటుంబం పిల్లల్ని తెచ్చి నాలుగు వారాలు పెంచి అమ్ముతుంది. వీటిని మదర్ యూనిట్లు అంటారు. జాతీయ పశుసంపద మిషన్ కింద మునుపు పేద కుటుంబాలకు ఒక్కో ఇంటికి 45 చొప్పున, నాలుగు వారాల పిల్లల్ని ఇవ్వాలన్న పథకం ఈ ఆలోచన మీదే నిలబడింది. షెడ్డు గుమ్మం దగ్గర సున్నం పోసిన తొట్టి, అందులో కాళ్ళు ముంచితే గానీ లోపలికి రానివ్వరు. నేల మీద రెండంగుళాల మందాన వరి ఊక, చుట్టూ ఒకటిన్నర అడుగుల ఎత్తు రేకు, మధ్యలో బల్బులు వేలాడుతున్నాయి. ఇంటామె ఆ పిల్లల్ని చూసి వేడి చెప్పగలదు. అన్నీ బల్బు కిందికి చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నాయంటే చలి. రేకు అంచుకు పోయి నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయంటే వేడి ఎక్కువ. అంతటా పరుచుకుని కొన్ని తింటూ, కొన్ని తాగుతూ, కొన్ని పడుకుని ఉంటే సరిపోయింది. మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, ఆ తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. రాత్రి కరెంటు పోతే ఆమె లేచి బొగ్గుల కుంపటి పెడుతుంది.

"ఈ నాలుగు వారాలూ నిద్ర సరిగా ఉండదన్నా," అంది. "మా దగ్గర దాటితే ఇంక మీ వాకిట్లో బతుకుతాయి."

ఒక రోజు పిల్లకూ, ఆమె చేతి నాలుగు వారాల పిల్లకూ ధరలో చాలా తేడా ఉంటుంది. ఆ తేడాలో ఉన్నది ఆమె నిద్ర, దాణా, టీకాలు, చచ్చిపోయిన పిల్లల నష్టం. చౌకగా తెచ్చిన రోజు పిల్లల్లో సగం పోతే మిగిలిన దానికి పడేది ఆ ధరే.

ఆమె పిల్లలు వచ్చేది రాజేంద్రనగర్ నుంచి. అక్కడికీ పోయి రావాలనిపించింది.

నంద్యాల నుంచి కర్నూలు, కర్నూలులో తుంగభద్ర దాటి హైదరాబాదు రోడ్డు. దాదాపు 300 కిలోమీటర్ల దారి. శంషాబాద్ దాటాక ఆరాంఘర్ చౌరస్తాలో దిగితే రాజేంద్రనగర్ దగ్గరే. వ్యవసాయ, పశువైద్య విద్యాలయాలన్నీ ఒకచోట చేరిన ప్రాంతం అది. చుట్టూ నగరం కమ్ముకొచ్చినా లోపల ఇంకా చెట్లూ, పంటల మడులూ ఉన్నాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి కింద పనిచేసే కోళ్ళ పరిశోధన సంస్థ, డైరెక్టరేట్ ఆఫ్ పౌల్ట్రీ రీసెర్చ్, 1988లో ప్రాజెక్టుగా ఇక్కడే మొదలైంది. పల్లె పెరట్లో తిరిగి బతికే కోళ్ళను తయారుచేయడం దాని పెద్ద పని. వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి అక్కడివే. పెరట్లో తిరిగే వనరాజ పెట్ట ఏడాదికి 100 నుంచి 110 గుడ్లు పెడుతుంది, పుంజు మాంసానికీ పనికొస్తుంది. గ్రామప్రియ 160 నుంచి 180 గుడ్లు, తేలిక ఒళ్ళు. శ్రీనిధి ఈ రెంటికీ నడుమ, 140, 150 గుడ్లు. మూడూ రంగురంగుల ఈకల కోళ్ళు. తెల్ల కోడిని గద్ద దూరం నుంచే గుర్తుపడుతుంది, ఈ రంగుల్ని మన్నులో కలిపేసుకుంటుంది పల్లె నేల.

లోపలి షెడ్లలోకి బయటివాళ్ళను పోనివ్వరు, అది మంచిదే. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు గోదావరి జిల్లాల రైతులు ఏం పోగొట్టుకున్నారో అందరం చూశాం. చెప్పుల అడుగున అంటుకుని వచ్చేదానికి గోడలు లెక్క కావు. గేటు దగ్గర ఆపే చోటే పిల్లల్ని కొనదగిన చోటు.

అమ్మకం దగ్గర అట్టపెట్టెలు తెరిచారు. పెట్టెకు నాలుగు గదులు, గదికి 25 పిల్లలు, పక్కలకు గాలి రంధ్రాలు. ముందుగా పేరు రాయించుకుని వచ్చిన రైతులు ఒక్కొక్కరే వచ్చి పెట్టె చూసుకుంటున్నారు. నా పక్కన నిలబడిన పెద్దాయన ఒక పిల్లను తీసి వెల్లకిలా అరచేతిలో పడుకోబెట్టాడు. రెప్పపాటులో అది తిరగబడి లేచి నిలబడింది. బొడ్డు దగ్గర ఈకల్ని ఊదాడు. బొడ్డు పూడి, పొడిగా ఉంది. వెనకభాగం అంటుకోకుండా శుభ్రంగా ఉంది. కాళ్ళు నిగనిగలాడుతున్నాయి, కళ్ళు గుండ్రంగా తెరుచుకున్నాయి. 40 గ్రాములు కూడా ఉండని ఆ ప్రాణిని మళ్ళీ గదిలో పెట్టి ఇంకోటి తీశాడు. పెట్టెకు నాలుగు చోట్ల నుంచి నాలుగు పిల్లల్ని అలా చూస్తే మొత్తం పెట్టె సంగతి తెలుస్తుందన్నాడు.

పిల్ల గుడ్డు పగలగొట్టుకుని వచ్చే ముందు మిగిలిన పచ్చసొన దాని కడుపులోకి పోతుంది. ఆ బలంతో రెండు మూడు రోజులు మేతా నీళ్ళూ లేకపోయినా నిలుస్తుంది. అమెరికాలో 1918 నుంచి పోస్టులో కోడిపిల్లల్ని పంపుతున్నారంటే ఈ ఏర్పాటు వల్లే. అంతమాత్రాన నంద్యాల ఎండలో మధ్యాహ్నం బస్సు పైన పెట్టుకుని తేవచ్చని కాదు. పిల్లలు ఆకలికంటే వేడికే ముందు పోతాయి. వేసవిలో రాత్రి ప్రయాణమే చేయాలి, పెట్టె మీద పెట్టె నొక్కకుండా, గాలి ఆడేలా.

అక్కడ పిల్లలతోపాటు పొదిగే గుడ్లూ అమ్ముతారు. ఆ గుడ్లు చూసినప్పుడు క్రిష్టిపాడు అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు కనిపించింది. వనరాజ, గ్రామప్రియ పెట్టలు పొదుగుకు కూర్చునే గుణం దాదాపు పోగొట్టుకున్నవి. గుడ్ల సంఖ్య పెరగాలంటే ఆ గుణం తగ్గక తప్పలేదు. పైగా అవి వేర్వేరు వంశాల కలయికతో పుట్టినవి కాబట్టి, వాటి గుడ్లను మనం పొదిగించుకుంటే తల్లి గుణాలు పిల్లల్లో పూర్తిగా నిలవవు. ప్రతి తరానికీ మూలం దగ్గరికి రావాల్సిందే. నాటు పెట్టకు ఆ గుణం నిండుగా ఉంది. మెరుగైన గుడ్డును నాటు తల్లి కింద పెడితే ఇద్దరి మేలూ ఒక గంపలో చేరుతుంది. బల్బు అక్కర్లేదు, కరెంటు పోతుందన్న భయం లేదు.

నేను గుడ్లే తెచ్చాను. సన్న మొన కిందికి పెట్టి, ఊకలో కుదురుగా సర్ది, చల్లబడ్డాక రాత్రి బస్సులో. గుడ్డు వారం దాటి నిల్వ ఉంటే పిల్ల లేచే అవకాశం తగ్గుతుంది. 20 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచితే లోపలి పిండం అరకొరగా పెరిగి చెడిపోతుంది. అందుకే వేసవిలో ఈ పని పెట్టుకోకూడదు. ఊరికి చేరాక ఒక రోజు కదపకుండా ఉంచి, అవ్వ దగ్గర కొత్తగా పొదుగుకొచ్చిన ఎర్ర పెట్ట కింద పది పన్నెండు పెట్టాం. ఏడో రోజు చీకటి పడ్డాక అవ్వ మనవరాలు ఫోన్ లైటు మీద ఒక్కో గుడ్డునూ నిలబెట్టింది. కొన్నింట్లో ఎర్రటి నరాలు అల్లుకుని, మధ్యలో ఒక నల్ల చుక్క అదురుతోంది. రెండు ఖాళీగా వెలిగాయి, వాటిని తీసేసింది. 21వ రోజుకు పెట్ట రెక్కల కింద నుంచి పిల్లల కీచులు వినపడ్డాయని ఫోన్ చేశారు.

చిన్నమ్మ వీధిలోని పది ఇళ్ళకు నేను చెప్పిన దారి మాత్రం నంద్యాల ఇంటామె దగ్గరి నాలుగు వారాల పిల్లలు. నాటు పెట్ట లేని ఇంట్లో అదే సరైనది. కొనేటప్పుడు అడగాల్సినవి నాలుగు: ఎక్కడ పుట్టాయి, ఏ తేదీన, ఏ టీకాలు ఎప్పుడు వేశారు, రేపు ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి. ఈ నాలుగింటికీ నిలబడి జవాబు చెప్పేవాడి దగ్గరే కొనాలి, ధర రెండింతలైనా సరే. పెట్టలు ఉన్న ఇల్లు గుడ్లు తెచ్చుకోవాలి, లేదా ఇరుగు పెట్టను పాలుకు అడగాలి. రంగు పూసిన పిల్లను ఏ ఇల్లూ కొనకూడదు.

ఈ ప్రయాణమంతా చూశాక నా మనసులో బలపడింది ఒక్కటే. దేశంలో మంచి జాతులకు కరువు లేదు. రాజేంద్రనగర్ దాన్ని ఎప్పుడో తీర్చింది. కరువు ఉన్నది ఆ మధ్య నాలుగు వారాల్లో, రాజేంద్రనగర్ పెట్టెకూ దొర్నిపాడు వాకిలికీ నడుమ. 2021లో మార్చిన పశుసంపద మిషన్ వెయ్యి తల్లికోళ్ళ ఫారానికి, హేచరీకి, మదర్ యూనిట్‌కు కలిపి 25 లక్షల దాకా సగం రాయితీ ఇస్తానంటోంది. అది పెద్ద చేతులకు పనికొస్తుంది. దొర్నిపాడు మండలానికి కావాల్సింది ఒక గది, నాలుగు బల్బులు, ఊక, ఐస్ పెట్టె, ఆ పని నేర్చిన ఒక మహిళా సంఘం. గుడ్ల డబ్బు పల్లెల్లో ఎప్పుడూ ఆడవాళ్ళ చేతి డబ్బే. పిల్లల్ని పెంచి ఇస్తే వచ్చే డబ్బూ వాళ్ళ చేతికే రావాలి. శనగ విత్తే ముందు ప్రతి ఏడూ ఈ మండలం విత్తనం కోసం వరుసలో నిలబడుతుంది. అదే నెలలో కోడిపిల్లలకూ పేర్లు రాయించుకునే చోటు ఒకటి ఊళ్ళో ఉంటే, చిన్నమ్మ లాంటివాళ్ళు పిల్లల కోసం ఎవరినీ జిల్లాలు దాటించనక్కర్లేదు. సంఘం సమావేశంలో చిన్నమ్మ ఈ మాట లేవనెత్తింది. ఇద్దరు చేతులెత్తారు, ఇంకొంత మంది ఎత్తుతారు.